కుంట అడుగు మట్టి

తొంభైల చివర్లో నేను నంద్యాలలో డిగ్రీ చదివేదాన్ని. కెమిస్ట్రీ. ఆళ్లగడ్డ దగ్గరి మా ఊళ్లో ఆ ఒక్క ముక్కకే నన్ను నెత్తిన పెట్టుకునేవాళ్లు.

ఊరి కుంటకు ఎగువన తోళ్ల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని నీళ్లు నురుగు కక్కుతూ వచ్చి కుంటలో పడేవి. అది మూతపడ్డ కొన్నేళ్లకు కుంట తేరుకుంది, కొంగలు మళ్లీ వాలాయి. ఎండాకాలం నీళ్లు తగ్గాక అడుగు మట్టిని ఎరువుగా బండ్లతో చేలకు తోలుకోవడం మావాళ్ల అలవాటు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ ఎవరూ ఆ మట్టి జోలికి పోలేదు. ఆ ఏడు నాయన నన్ను గట్టు మీదికి తీసుకుపోయాడు.

"కెమిస్ట్రీ చదువుతాండావ్ గదమ్మా. మట్టి తోలుకోవచ్చునా?"

మోకాలి లోతు నీళ్లలో దిగాను. కాలివేళ్లు స్పష్టంగా కనిపించాయి. అడుగు తీసి అడుగు వేస్తే నల్లటి బురద లేచి, కుళ్లిన తోలు వాసన కొట్టింది. పాత బురద అంతేలే అనుకున్నాను. అంత పొగరు నాకు.

"నీళ్లు తేటగా ఉండాయి నాయనా. తోలుకో."

నాయనను చూసి ఊళ్లో సగంమంది తోలారు. మొదటి ఏడు జొన్న ఏపుగా పెరిగింది. రెండో ఏడు మొలక దశలోనే ఎర్రబడి చచ్చింది, నాయన పాదాలు పుండ్లు పడ్డాయి. చేలో మట్టి మూటకట్టుకుని నంద్యాలలో భూసార పరీక్షలు చేసే సారు దగ్గరికి పోయాను.

"ఫ్యాక్టరీ విషం అడుగున కూర్చుంది. కదలకుండా ఉన్నదాన్ని మీరే లేపి తెచ్చుకున్నారు. మొదటి ఏడు బురద బలం పనిచేసింది, గాలికి ఆరాక విషం బయటపడింది" అన్నాడాయన.

కొరివితో తల గోక్కోమని నాయనకు చెప్పింది నేనే. ఆ రోజు బస్సులో ఏడ్చాను.

నాయన చేలో పైమట్టి గీకి చేని గట్టున కుప్ప పోశాడు. కుంటలో తిరిగి వేద్దామంటే గొడ్లు తాగుతాయని ఊరు ఒప్పుకోలేదు. వేరే చోటు దొరక్కముందే వాన వచ్చింది. తెల్లారేసరికి కుప్ప సగమైంది. నల్లటి చార ఒకటి వాలు వెంబడి మా వీధంతా తాగే బావి దాకా పోయింది.

చిన్నమ్మ అప్పుడే ఆ బావిలో బిందెడు నీళ్లు తోడి నా ముందు పెట్టింది.

"నువ్వు చదివిన పిల్లవి, చూసి చెప్పు. తేటగానే ఉండాయి గదా, తాగొచ్చునా?"

నిజంగానే తేటగా ఉన్నాయి. బిందె అడుగు కనిపిస్తోంది.

"వద్దు చిన్నమ్మా" అన్నాను.

"మరి యాడ తెచ్చుకోవాల?"