చెంపకు ఆనించి

మా చిన్నమ్మ దేన్నీ చేత్తో పట్టి చూసేది కాదు, చెంపకు ఆనించి చూసేది. కాశిబుగ్గలో దుప్పటి కొన్నా, నాకు స్వెటర్ కొన్నా అంతే. పక్కనున్న నాకు సిగ్గేసేది.

చిన్నాయనకు కాజీపేట రైల్వేలో ఉద్యోగం. బైకు మీదికి తోలు జాకెట్ కుట్టించుకుంటానంటే ముగ్గురం హన్మకొండలో దుకాణానికి వెళ్లాం.

"బర్రె తోలు తీసుకోండి సార్, ఎన్నేండ్లయినా ఏం గాదు. గొర్రె తోలు మెత్తగుంటది గని జల్ది గీతలు పడ్తయి" అన్నాడు దుకాణదారు. చిన్నాయన సరేనన్నాడు. చిన్నమ్మ రెండింటినీ చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని, గొర్రె తోలునే ముందుకు జరిపింది.

"ఏసుకునేది నేను గద" అన్నాడాయన.

"ఎనుక కూసునేది నేను గద" అంది.

ఆదివారాలు స్టేషన్ ఘన్‌పూర్ చర్చి నుంచి వస్తూ ఆయన వీపుకు చెంప ఆనించి, అలాగే కళ్లు మూసుకునేది.

చిన్నమ్మ పోయి రెండో చలికాలం ఇది. మొన్న చిన్నాయన వెనుక బైకు ఎక్కాను. జాకెట్ చేతుల నిండా గీతలే. వీపున ఎడమ భుజం కింద మాత్రం అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది. బండి కదిలించబోతూ ఆగాడు.

"బిడ్డా, జర ఎనుకకు జరిగి కూసో" అన్నాడు.