మక్కచేనుకు ఈరవ్వ గొంతు కాపలా

ఎల్లారెడ్డి నుంచి పోచారం వైపు పోయే దారిలో, అడవిని ఆనుకుని ఇప్పలచెల్క అనే ఊరుంది. ఆ ఊళ్ళో ఈరవ్వ ముఖం తెలియనివాళ్ళు ఒకరిద్దరు ఉన్నారేమో గానీ, ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. తన గడపలో నిలబడి బిడ్డను అన్నానికి పిలిస్తే, అవతలి వాడకట్టు వాళ్ళు కూడా లేచి చేతులు కడుక్కునేవాళ్ళని చెప్పుకుంటారు. ఇందులో కొంత ఎక్కువ చేసి చెప్పడం ఉంది, కానీ మరీ అంత ఎక్కువేమీ లేదు.

పెళ్ళిచూపులనాడు నోరు తెరవొద్దని మేనత్త ఆమె చేత ఒట్టు వేయించుకుంది. ఏమడిగినా పిల్ల తల ఊపడమే తప్ప పలకకపోయేసరికి, మూగదేమోనని వచ్చినవాళ్ళలో గుసగుసలు బయలుదేరాయి. సంబంధం తప్పిపోయేటట్టే ఉంది. సరిగ్గా అప్పుడే కట్టు తెంపుకున్న బర్రె ఒకటి వాకిట్లో ఆరబోసిన వడ్ల మీదికి నడవడం ఈరవ్వ కంటపడింది. ఆమె వేసిన కేకకు బర్రె ఉన్నచోటే నిలబడిపోయింది, పెళ్ళివారి చేతుల్లో చాయ్ ఒలికిపోయింది. అందరూ బిత్తరపోయి చూస్తుంటే పెళ్ళికొడుకు సాయన్న ఒక్కడే నవ్వాడు. సంబంధం ఆ నవ్వుతోనే ఖాయమైంది.

సాయన్న మాట పక్కన కూర్చుంటే తప్ప వినపడదు. అందుకే కాబోలు, ఇద్దరికీ సరిపోయే గొంతు దేవుడు ఒక్కరికే ఇచ్చాడని జనం నవ్వుకునేవారు. అత్త బతికున్నన్నాళ్ళూ కోడలికి చెప్పిన మాట ఒక్కటే, మెల్లగా మాట్లాడమని. బీడీలు చుట్టే అరుగు మీద తోటి ఆడవాళ్ళదీ అదే మాట. అందరూ అనగా అనగా, తన గొంతు ఒక లోపమని ఈరవ్వ కూడా నమ్మేసింది. నమ్మిందే గానీ తగ్గించలేకపోయింది.

ఆ లోపానికి విలువ తెచ్చిపెట్టినవి కోతులు. కొన్నేళ్ళుగా అవి అడవి దిగి ఊళ్ళ మీద పడ్డాయి. వాటిని కొట్టడానికి ఎవరికీ చేతులు రావు. శనివారం హనుమంతునికి కొబ్బరికాయ కొట్టి, ఆదివారం ఆయన బలగం మీద కట్టె ఎత్తడం ఎట్లా? పల్లికాయ వేసేవాళ్ళు మానుకున్నారు, కూరగాయలు పెట్టేవాళ్ళు మానుకున్నారు. ఈరవ్వ రెండెకరాల చెలక సరిగ్గా అడవంచునే ఉంది. అయినా ప్రతి వానకాలం ఆమె ధైర్యంగా మక్కజొన్న వేసేది. గింజ పాలు పోసుకునే రోజుల్లో పొద్దున్నే మంచె ఎక్కి, పొద్దుగూకేదాకా దిగేది కాదు. ఒక్క కేక వేస్తే కోతుల గుంపు గుంపంతా దారి మళ్ళి పక్కనున్న దేవన్న చేనులో పడేది. దేవన్నకు దాని మీద చాలా ఫిర్యాదులున్నాయి, కానీ ఆ గొంతు ముందు నిలబడి చెప్పుకునే దమ్ము ఆయనకెక్కడిది?

ఈసారి అసలు చిక్కు వచ్చిపడింది. కామారెడ్డిలో కాపురముంటున్న బిడ్డ శ్వేతకు తొలి కాన్పు. పుట్టింటికి తెచ్చుకోవడం మర్యాదే గానీ, రక్తపోటు ఎక్కువగా ఉందని, ఆస్పత్రికి దూరం పోవద్దని డాక్టరమ్మ చెప్పింది. అంటే తల్లే అక్కడికి పోవాలి. నెలలు నిండే రోజులూ, మక్క కంకిలో పాలు నిండే రోజులూ ఒక్కటయ్యాయి. సాయన్న కేకేస్తే కోతులు తల కూడా తిప్పవు. ఈరవ్వ పోతే ఏడాది పంట కోతుల పాలవుతుంది, పోకపోతే తొలి కాన్పుకు తల్లి దగ్గర లేదన్న మాట బతికినన్నాళ్ళు ఉంటుంది. రెండు మూడు రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

"నేను పోవాలె, నా గొంతు ఈడ ఉండాలె. గది ఎట్లయితది?" అని మొగుణ్ణి నిలదీసింది చివరికి.

అవుతుందన్నాడు సాయన్న. ఎల్లారెడ్డిలో మైకులు బాగుచేసే యాకూబు కొత్తగా చార్జింగ్ డబ్బాలు అమ్ముతున్నాడట. మన మాట అందులో పట్టిస్తే పొద్దంతా అదే మాట మోగుతుందట. చేనులో గుంజకు వేలాడదీస్తే చాలట.

మర్నాడు ఇద్దరూ యాకూబు దుకాణానికి పోయారు. అక్కడ మొదలైంది తమాషా. యాకూబు ఆమె నోటి ముందు మైకు పెట్టి, కోతుల్ని ఎట్లా బెదిరిస్తారో అట్లా అరవమన్నాడు. దుకాణంలో నలుగురు కూర్చుని చూస్తున్నారు. ఈరవ్వ గొంతు సవరించుకుంది, కొంగు సర్దుకుంది, నోరు తెరిచింది. అందులోంచి "పోండి" అని చిన్న మాట బయటికొచ్చింది, బ్యాంకులో మేనేజరు సారుతో మాట్లాడేటప్పుడు వచ్చే గొంతుతో. యాకూబు ఇంకోసారి అనమన్నాడు. మళ్ళీ అదే. కోతులు ఎదురుగా లేకుండా కోపం ఎట్లా వస్తుందని ఆమె బాధ. ఈ గొంతుకు కోతులు పారిపోవు, దగ్గరికొచ్చి ఏమైందక్కా అని అడుగుతాయని యాకూబు తల పట్టుకున్నాడు.

మూల కుర్చీలో కూర్చున్న సాయన్న అప్పుడు తన మెత్తటి గొంతుతో ఒక మాట అన్నాడు. వచ్చేటప్పుడు ఇంటి తలుపు వెయ్యడం మరిచిపోయినట్టున్నానని.

కోతులున్న ఊళ్ళో తలుపు తీసిపెట్టి రావడమంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకే తెలుసు. ఈరవ్వ గిర్రున తిరిగింది.

"ఓ శ్వేత బాపూ! తలుపు తీసిపెట్టి వచ్చినవా? బియ్యం, పప్పులు, పిల్లకు కుట్టిన బొంత, అన్ని కోతులకు అప్పజెప్పి ఈడ కుర్సీల కూసున్నవా? నీ కండ్లేడ వెట్టుకున్నవయ్యా? ఆగు, నీ సంగతి జెప్త. ఉరుకు, ఇంటికి ఉరుకు!"

రోడ్డు మీద పోయే ఆటో ఒకటి బ్రేకు వేసింది. యాకూబు మాత్రం బటన్ మీద వేలు తీయలేదు. అది మొత్తం డబ్బాలోకి ఎక్కింది. డబ్బాలో ఏం పట్టిందో వినడానికి కూడా ఆగకుండా ఈరవ్వ బస్సుకు పరుగెత్తింది.

ఇంటికొచ్చి చూస్తే తలుపు వేసి ఉంది, తాళం కప్ప బుద్ధిగా వేలాడుతోంది. సాయంత్రం డబ్బా సంకలో పెట్టుకుని సాయన్న వచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. గట్ల అనకపోతే నీ నోరు లేస్తదా అని, చెప్పుల వంక చూస్తూ అడిగాడు ఆయన. ఇన్నేళ్ళ కాపురంలో ఈ నెమ్మదస్తుడు తనను ఇంత బాగా చదువుకున్నాడని ఈరవ్వకు అప్పుడే తెలిసింది. కోపం రావలసింది, నవ్వొచ్చింది. తెల్లారి మొదటి బస్సుకే ఆమె కామారెడ్డి వెళ్ళిపోయింది.

కామారెడ్డిలో శ్వేత వాళ్ళవి మేడ మీద రెండు గదులు. పక్క గది వాళ్ళకు చిన్న పిల్లలున్నారు, కింద ఇంటి యజమాని పెద్దమనిషి. అమ్మా మెల్లగా, అని బిడ్డ కూడా మొదలుపెట్టింది. ఆస్పత్రిలో నర్సు చెప్పింది, అల్లుడు చక్రధర్ చెప్పలేక చెప్పాడు. ఈరవ్వ గుసగుసలతోనే బతికింది. ఫోనులో సాయన్నను చేను సంగతి అడిగితే, బాగుందనే అనేవాడు. కాన్పు సులువుగానే అయింది. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు వార్డంతా లేచి కూర్చుంది. ఇది ఎవరి పోలికని నర్సు నవ్వుతూ ఈరవ్వ వంక చూసింది. ఈరవ్వ పొంగిపోయింది, కానీ పొంగిపోయినా గుసగుసగానే పొంగిపోవాల్సి వచ్చింది.

వియ్యపురాలు వచ్చి బాలింత దగ్గర కూర్చున్నాక, ఒక్కపూట చేను చూసి వస్తానని ఈరవ్వ బయలుదేరింది. బస్సు దిగి ఊరిదారి పట్టిందో లేదో, దారి పక్కనున్న సిద్ధిరాములు చేనులోంచి ఎవరో ఆడమనిషి అరుపులు. మొగుడి దుమ్ము దులుపుతోంది. ఎంత నోరమ్మా ఈమెది, ఆ మొగుడు ఎట్లా వేగుతున్నాడో పాపం అనుకుంటూ నాలుగడుగులు వేసింది. అప్పుడు "ఓ శ్వేత బాపూ" అన్న పిలుపు చెవిన పడింది.

ఈరవ్వ కాళ్ళు ఆగిపోయాయి. ఇంకాస్త ముందుకు పోతే దేవన్న చేనులోనూ అదే తిట్టు. అవతల ఎంకవ్వ చేనులోనూ అదే. యాకూబు ఆ తిట్టును అడిగిన వాళ్ళందరి డబ్బాల్లోకీ ఎక్కించి ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఊరి చుట్టూ నాలుగు దిక్కుల నుంచీ ఆమె తన మొగుణ్ణి తిడుతూనే ఉంది. తన గొంతు బయటివాళ్ళకు ఇట్లా వినబడుతుందని ఆమెకు ఇంతవరకు తెలియదు. సిగ్గుతో తల మీద కొంగు కప్పుకుని గబగబా నడిచింది. అత్త చెప్పింది నిజమేనని, ఇక మీదట నోరు అదుపులో పెట్టుకోవాలని గట్టిగా అనుకుంది.

చేను దగ్గర ఇంకా పెద్ద దెబ్బ కాచుకుని ఉంది. గుంజకు వేలాడే డబ్బా తన మానాన తాను తిడుతోంది. దాని పక్కనే, అదే గుంజ మీద, పెద్ద కోతి ఒకటి కూర్చుని మక్కకంకి ఒలుచుకుంటోంది. సాయన్న రేకుడబ్బా కొట్టుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు ఉరుకుతున్నాడు. అడవి వైపు సాళ్ళు అప్పటికే ఖాళీ అయ్యాయి. ఈరవ్వ సిగ్గు, నిర్ణయం అన్నీ మరిచి ఒక్క కేక పెట్టింది. పెద్ద కోతి డబ్బా వైపు ఓసారి చూసి, మళ్ళీ తన కంకి పనిలో పడింది.

ఈరవ్వకు పుట్టి బుద్ధెరిగాక అంత అవమానం జరగలేదు. గట్టు మీద కూలబడిపోయింది. రొప్పుతూ వచ్చిన సాయన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మొదట్లో బాగానే బెదిరాయి. మూడు రోజులకే ఈ గొంతుకు కాళ్ళు లేవని, చేతిలో కట్టె లేదని వాటికి అర్థమైపోయింది. కాన్పు దగ్గరున్న మనిషిని గాబరా పెట్టొద్దని ఫోనులో చెప్పలేదు. ఉన్నంతలో ఉరికి ఉరికి ముప్పావు చేను నిలబెట్టాడు.

ఉన్న ముప్పావు కూడా వారంలో పోతుందని ఆమెకు తెలిసిపోయింది. లేచి వెళ్ళి డబ్బా గొంతు నొక్కేసింది. చేనంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దానికి కోతులు తలలెత్తాయి. ఏమని అరవాలి? పాత తిట్లన్నీ వాటికి కంఠస్థం వచ్చేశాయి. కొత్తది కావాలి. కొత్తది ఆమె దగ్గర చాలానే ఉంది, ఇన్నాళ్ళూ గుసగుసల కింద అణిచిపెట్టింది.

కొంగు నడుముకు చుట్టి, ఒక చేత కట్టె, ఒక చేత మట్టిపెళ్ళ పట్టుకుని ఈరవ్వ చేనులోకి దిగింది. శ్వేతకు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, ఆటోవాడు ఏ గల్లీలో ఆపేశాడో, నర్సు ఏమన్నదో, వియ్యపురాలు ఏం తేకుండా వచ్చిందో, అన్నీ పూస గుచ్చినట్టు అరుచుకుంటూ సాలు వెంట సాలు నడిచింది. మక్క మొక్కలు కదిలాయి, పెళ్ళలు ఎగిరాయి. పెద్ద కోతి కంకి జారవిడిచి గుంజ దిగింది. పిల్లల్ని పొట్టకు అదుముకుని గుంపంతా అడవి చెట్లెక్కింది.

అవతలి చేనులోంచి ఎంకవ్వ గొంతు లేచింది. "ఆడపిల్లనా, మొగపిల్లనా ఈరవ్వా?"

"ఆడపిల్ల. ఏడిస్తే దవాఖాన అదిరింది, నా గొంతే వచ్చింది దానికి," అని ఈరవ్వ బదులిచ్చింది.

తూకం ఎంతుందని సిద్ధిరాములు అడిగాడు. పేరేం పెడతారని దేవన్న అడిగాడు, పాత ఫిర్యాదులు పక్కన పెట్టి. ఒక చేనులోంచి మాట లేస్తే మరో చేనులోంచి జవాబు లేచింది. పొద్దుగూకేదాకా ఆ నాలుగు చేన్లలో ఒక్క కోతి దిగలేదు. డబ్బాలు పక్కన పెట్టి, గింజ గట్టిపడేదాకా రోజూ ఇట్లాగే ముచ్చట పెట్టుకుందామని ఎంకవ్వ ప్రతిపాదించింది. ముచ్చట్లకైతే ఆ ఊళ్ళో ఎన్నడూ కరువు లేదు. ఈరవ్వ మళ్ళీ కామారెడ్డి పోయినా ఆమె చేను మీద మిగతా ముగ్గురూ కన్నేసి ఉంటామన్నారు. ఆమె గుండె మీంచి బరువు దిగింది.

డబ్బా పట్టుకుని ఇంటిదారి పట్టినప్పుడు, దారిలో విన్న ఆ ఆడమనిషి గొంతు ఈరవ్వకు మళ్ళీ గుర్తొచ్చింది.

"మూడొద్దులకే కోతులు బెదురుడు మానినయంటివి. మరి ఇన్నొద్దులు దీన్ని ఎందుకు మోగిచ్చినవు? పొద్దంత తిట్లు పడుకుంట?"

సాయన్న డబ్బాను ఈ సంకలోంచి ఆ సంకలోకి మార్చుకున్నాడు.

"కోతులకని కాదు," అన్నాడు. "నువ్వు లేక ఇంట్ల సప్పుడు లేకుండె. చేన్లనన్న ఉండనీ అని."

ఈరవ్వకు కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుంది.

"పిల్లను తీస్కొని జల్దిన వస్త," అంది తర్వాత, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.