బెల్లం కలిపిన ఫైళ్లు

ఆ రోజుల్లో మద్రాసు సర్కారు వాళ్లకు మా కడప కాగితాల కొలతలు తెలిసేవి కావు. తాలూకా కచేరీకి వాళ్లు పంపే ఫైలు అట్టలన్నీ ఒకటే సైజు. మా కాగితాలేమో ఆ అట్టల మాట వినేవి కావు. గ్రామ పటాలు తువ్వాలంత, రైతుల అర్జీలు అరచేయంత. పటాల అంచులు బయటికి వేలాడేవి, అర్జీలు జారి నేలన పడేవి. కొత్తగా తాత్కాలిక గుమాస్తాగా చేరిన నాకు (మీసం ఇంకా రాలేదు గానీ తెలివి ముందే వచ్చిందని నా నమ్మకం) ఇది చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. అట్టలు కోసి, అతికించి, పటాలకు మడతలు పడేవి, అర్జీలకు జేబులున్నవి చేయడం మొదలుపెట్టాను. వేసవిలో జమాబందీకి సబ్‌కలెక్టరు దొర వచ్చి తాలూకా లెక్కలన్నీ చూస్తాడు. ఆయన మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఊరికి పోయి వేరుశనక్కాయలు ఒలుచుకోవడమే.

చిక్కల్లా తుమ్మబంకతో వచ్చింది. మా ఎండలకు అది పెళుసెక్కి, మడత పెట్టినచోటల్లా పెటపెటా విరిగేది. ఇంటికెళ్లి మా అవ్వతో చెప్పుకున్నాను. "బంకలో రవ్వంత బెల్లం ఎయ్యి నాయనా, మెత్తగా ఉంటాది. చాటలకు కాగితం అతికేటప్పుడు నేను ఎయ్యడంల్యా?" అంది. (అవ్వ రవ్వంతే అంది. నేను బెల్లం అచ్చు మొత్తం వేశాను.) మడతలు పట్టుగుడ్డలా వంగాయి. మా గుమాస్తాల పెద్ద శిరస్తాదారుగారు, చాటుగా మేం నశ్యం తాత అనేవాళ్లం, ఒక పటాన్ని తెరిచి మూసి, మళ్లీ తెరిచి, "శానా బాగుండాది రా" అన్నారు. ఆ మాటకు రెండు రోజులు నా కాళ్లు నేలన ఆనలేదు.

జమాబందీ నాడు వసారా నిండా రైతులు. దొర నా ఫైలు తెరిచాడు. ముందొక చీమ వచ్చింది, వెనకే దాని బంధుమిత్రులంతా బారులు తీరి దొర కోటు చేతిలోకి దూరారు. "ఇది ఎవరు చేసినారు?" అని ఆయన లేచి నిలబడ్డాడు. నేను స్తంభం చాటుకు నక్కాను. నశ్యం తాత మాత్రం తొణకలేదు. "మా పిల్లోడే సామీ. చీమలు ఇట్ల బారులు కడితే వానొస్తాదని మా సీమలో నమ్మకం" అన్నారు. ఏడాదిగా మబ్బు ముఖం చూడని రైతులు ఊరుకుంటారా? "నిజమే సామీ, నిజమే!" అని ఒకటే గోల. దొర చెయ్యి దులుపుకుంటూ నవ్వేశాడు. "వారంలో వాన వస్తే ఈ పిల్లవాడి పని ఖాయం. రాకుంటే చీమలతో కూడా ఇంటికి."

ఇక చూడండి నా అవస్థ. దారిన పోయే ప్రతివాడూ "ఏమప్పా, యాడ నీ వాన?" అనేవాడే. సాయంత్రమైతే నేనూ తాతా కచేరీ మెట్ల మీద నిలబడి ఆకాశం కేసి చూసేవాళ్లం. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి కమ్మి, కుండపోతగా కురిసింది. నేను ముంగిట్లో పడి గంతులు వేస్తున్నాను. లోపలినుంచి తాత కేక: "ఆడ ఎగురుతాండావా? ఈడ కప్పు కారుతాండాది, నీ ఫైళ్లు చూడు పో!"

పరుగెత్తాను. బెల్లం బంక పాకమై కారుతోంది. అట్టలు ఒకచోట, పటాలు ఒకచోట, జేబులు ఊడిన అర్జీలు తలో దిక్కున. నాకు ఏడుపు వచ్చేసింది. తాత నా తడిసిన భుజం మీద చెయ్యి వేశారు. "పోనీలే రా. అతికిచ్చేదానికి ఇంగ నీకు బతుకంతా ఉండాది."

నిజంగానే ఉండింది. పింఛను పుచ్చుకునేదాకా ఆ పనే చేశాను, సూదీ దారంతో. ఉద్యోగం వచ్చిందని నవ్వాలో, చేసిందంతా కరిగిందని ఏడవాలో తెలియక రెండూ కలిపి చేసిన ఆ కుర్రవాడంటే మాత్రం నాకు ఇప్పటికీ ముద్దే.