పెన్‌డ్రైవ్‌లు తేరాదు

తమిళనాడు ధర్మపురిలో ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. చేతిలో అంటే, ఏదైనా పాడైతే నన్ను పిలిచేవారు.

అక్కడ పనికొచ్చే సర్వర్ ఒకటే. అందులో ఒక లినక్స్ కంటైనర్ పెట్టి, ఆఖరి సంవత్సరం పిల్లలకు తలా ఒక యూజర్ ఖాతా తెరిచే పని నాకు పడింది. కంటైనర్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మించే ఏర్పాటు. దాని లోపలికి పోయి ఒక్కో పేరూ కొట్టాను. మొదటి పదిమందికి హోమ్ ఫోల్డర్ ఇమ్మని చెప్పడం మరిచాను. పేరుంది, పాస్‌వర్డ్ ఉంది, ఇల్లు లేదు. మా జిల్లాలో అదేమంత వింత కాదు గానీ, సరిదిద్దాను.

ఆ మధ్యాహ్నమే తలుపు మీద నోటీసు అంటించాను: వైరస్ వస్తుంది, పెన్‌డ్రైవ్‌లు తేరాదు. సంతకం నాదే.

పళ్లిపట్టి అనే పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. కూలి పనుల ఇల్లు, సొంత ల్యాప్‌టాప్ లేదు. క్లాసులో తమిళం, నాతో మాత్రం ఇంటి తెలుగు.

“దీంట్లో పెట్టింది యాడికీ పోదు కదా సార్?”

“పోదమ్మా.”

“సరి సార్. అయితే నేను వేరే యాడా పెట్టుకోను.”

ఆమె ప్రాజెక్టు పళ్లిపట్టి కూడలిలో ఆగే బస్సుల వేళలు. బోర్డు మీద రాసినవి కాదు, బస్సులు నిజంగా వచ్చేవి. మూడు నెలలు నిలబడి రాసుకుంది. హోసూరు నుంచి ఒక కంపెనీ ఉద్యోగాలకు మనుషులను ఎంచుకోవడానికి రాబోతోంది. నడిచే ప్రాజెక్టు ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకు పిలుస్తారట.

వాళ్లు రావడానికి వారం ముందు, సాఫ్ట్‌వేర్ పాతబడిందని, ఆ కంటైనర్ తీసేసి కొత్తది లేపాను. రెండు నిమిషాల పని. గర్వంగా టీ కూడా తాగాను. ఖాతాలూ ఫోల్డర్లూ పాతదాని లోపలే ఉన్నాయి, దానితోనే పోయాయి. ఫోల్డర్లు కంటైనర్ బయట, సర్వర్‌లోనే నిలవాలంటే సెట్టింగుల్లో ఒక్క వరుస అదనంగా రాయాలి. ఆ వరుస తర్వాత రాశాను.

మరునాడు ల్యాబ్‌లో ఎవరూ ఏడవలేదు. ఒకరు టిఫిన్ డబ్బాలోంచి, ఒకరు సాక్సులోంచి పెన్‌డ్రైవ్‌లు తీశారు. నా నోటీసును గౌరవించింది ఆమె ఒక్కతే.

“కాగితం మీద రాసుకున్నావు కదమ్మా?”

“రాసినా సార్. కంప్యూటర్లో ఎక్కించినాక మా యమ్మ దాంట్లో చింతపండు కట్టి అత్తకి పంపించింది.”

డిపార్ట్‌మెంట్ పెద్దాయన దగ్గరికి పోయి, కంపెనీని ఇంకో వారం ఆగమందామా అన్నాను.

“మిగతా అందరికీ ఉంది కదా సార్,” అన్నాడాయన తమిళంలో.

“పెన్‌డ్రైవ్ తేరాదన్నాం కదా, వాళ్లకెలా ఉంది?”

“అది మనం అడక్కూడదు. అడిగితే కంపెనీకి ఎవరిని చూపిస్తాం?”

తిరిగొచ్చి అదే పేరుతో ఖాతా మళ్లీ తెరిచాను. ఆమె లోపలికి పోయి, ఫోల్డర్‌లో ఏముందో చూపమని కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు.

“ఏమీ చెప్పలేదు సార్ ఇది.”

“ఖాళీగా ఉంటే ఏమీ చెప్పదమ్మా.”

“మంచి అలవాటే సార్. మీరూ అట్లే ఉండింటే బాగుండె.”

వారమంతా గుర్తున్నంత మేరకు కొడుతూ కూర్చుంది. వేళలు చాలావరకు వచ్చాయి, ప్రోగ్రాం నడవలేదు. ఇంటర్వ్యూ జాబితాలో ఆమె పేరు లేదు. నాది మాత్రం ఏర్పాట్లు బాగా చేశానని నోటీసు బోర్డులో పడింది.

నిరుడు ఒక పొద్దున పని మీద పళ్లిపట్టి పోయి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాను. బనియన్ల ఫ్యాక్టరీ వ్యాను కోసం ఆమె కూడా అక్కడే నిలబడి ఉంది, మెడలో గుర్తింపు కార్డు. బస్సు వచ్చే వేళయిందా అన్నాను.

“బోర్డులో ఉండేది ఎనిమిదికి సార్. అది వచ్చేది ఎనిమిదీ పదకొండుకి.”

ఆమె వ్యాను ముందుగా వచ్చి ఆమెను ఎక్కించుకుని పోయింది. నా బస్సు ఎనిమిదీ పదకొండుకి వచ్చింది.