గబ్బిలాల చెట్ల కోసం మా ప్రమీలారాణి

మా చెల్లెలు ప్రమీలారాణి మొట్టమొదట సాధించింది, గంపలగూడెం దారిలోని మామిడి తోటలో వలలు తీయించడం. గబ్బిలాలు కాయ కొరికేస్తున్నాయని తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి చెట్ల మీద వలలు కప్పాడు. వాటిలో చిక్కుకుని గబ్బిలాలే కాదు, గోరువంకలూ చచ్చేవి. రెండు కాపుల పాటు ఆ తోట చుట్టూ తిరిగింది తను. "మీరు జాకెట్లు కుట్టుకోక ఈ గోలెందుకు మేడమ్?" అన్నాడు వ్యాపారి. నిజంగానే కుట్టింది. తిరువూరులో తన టైలరింగ్ షాపులో మిగిలిన గుడ్డ ముక్కలతో సంచులు కుట్టి, కింది కొమ్మల కాయలకు తనే తొడిగింది. ఆ కాయ మచ్చ లేకుండా దిగింది. మరుసటి ఏడు వలలు విప్పేసి, సంచులు కావాలంటూ ఆ వ్యాపారే షాపు మెట్లెక్కాడు.

అప్పటి నుంచి మా ప్రకృతి సంఘంలో తన చెయ్యి పడని పని లేదు. బావిలో పడ్డ నక్కపిల్లను తట్టలో పైకి తీయించింది. ఉడుములు పట్టేవాళ్ళ చేత ఆ పని మాన్పించింది. బడిపిల్లలకు పిట్టల పేర్లు నేర్పింది. నేను వినగడప బడిలో అయిదు దాకానే చదివాను, కాబట్టి పెద్ద మాటలు రావు. విజయవాడ కాలేజీ వాళ్ళు గబ్బిలాలు చూడాలంటే ముందు మా చెల్లెలికే ఫోన్ చేస్తారని మాత్రం రాయగలను.

ఇప్పుడు మాత్రం మనసు ఒకచోట నిలవడం లేదు. వినగడప దగ్గర యోసేపు గారి పొలం గట్టున మద్దిచెట్లున్నాయి. వాటి నిండా గబ్బిలాలే. ప్రమీలారాణికి ఇచ్చిన మాట మీద ఆయన ఏళ్ళ తరబడి ఆ చెట్లను ముట్టనివ్వలేదు. ఈ వేసవిలో మా సంఘం వాళ్ళం అక్కడ పెద్ద ఫ్లెక్సీ కట్టాం. అందులో సభ్యులందరి ఫొటోలూ ఉన్నాయి, యోసేపు గారిది లేదు. భర్త గిరిబాబుకు గుండెలో స్టెంటు వేయించడానికి ప్రమీలారాణి విజయవాడ వెళ్ళి ఉంది. తను ఉంటే ఈ పొరపాటు జరగనిచ్చేది కాదు.

మర్నాడు యోసేపు గారు నన్ను బజారులో ఆపారు.

"చెట్లు నావి, పొలం నాది, ఫొటోలేమో మీవి. తాతా నువ్వెక్కడున్నావని మా షైని వెతుకుతోంది. మనవరాలికి ఏం చెప్పమంటారు?"

"తప్పయిందండీ. ఇంకోటి వేయిస్తాం."

"దాంట్లోనూ మీరే నవ్వండి, వీరరాఘవయ్య గారూ. కలప అతనితో మాట్లాడేశాను."

ఆ కలప వ్యాపారి తొందర ఇంతా అంతా కాదు. అది నల్లరేగడి నేల, ఒక్క గట్టి వాన పడితే ట్రాక్టరు దిగదు. ఆలోపే నరకాలంటాడు. గబ్బిలం పిల్లలకేమో ఇంకా ఎగరడం రాదు, తల్లి పొట్టను కరుచుకునే ఉన్నాయి. చెట్టు కూలితే వాటి పని అంతే. మబ్బు పడితే వాన రావాలనిపిస్తుంది నాకు. అంతలోనే చెట్టు మీది మామిడి గుర్తొచ్చి వద్దనిపిస్తుంది.

తెల్లారకముందే ప్రమీలారాణి ఫోన్. "అన్నయ్యా, చెట్లున్నాయా?"

టిఫిను వేళకు మళ్ళీ. "ఆ ట్రాక్టరు చప్పుడేంటి?"

"పక్క పొలంలోదమ్మా."

"వెళ్ళి చూశావా, కూర్చుని చెబుతున్నావా?"

వెనక నుంచి గిరిబాబు గొంతు. "నా గుండె గురించి కూడా ఎవరైనా అడగండి బావగారూ!"

నిన్న తనే యోసేపు గారికి ఫోన్ చేసింది. నేను ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాను, ఆయన స్పీకరు పెట్టి మాట్లాడారు.

"ఇది ఫోన్లో అడిగేది కాదండీ. మీ ఇంటికొచ్చి అడుగుతాను. అందాకా ఆపండి."

లోపలి నుంచి ఆయన భార్య చిట్టెమ్మ గారు అందుకున్నారు. "ఆడపిల్ల గుమ్మంలోకి వస్తానంటే గొడ్డలి పట్టుకుని నిలబడతావా ఏంటి?"

"నువ్వుండవే," అని ఆయన ఫోన్లోకి తిరిగారు. "సరేనమ్మా, నువ్వొచ్చేదాకా ఆపుతాను. నువ్వు చెప్పిన రోజు దాటితే మాత్రం నన్నడగొద్దు. ఎప్పుడొస్తావు?"

డాక్టరు గారు ఆఖరుసారి చూసి పంపేది శనివారం. మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరి, యోసేపు గారు చర్చి నుంచి వచ్చేసరికి ఆ గుమ్మంలో ఉంటానంది. ఆ రోజు మే 31, ఆదివారం.