మా అత్త తీసిన ఫొటోలు, ఆయన వేసుకున్న పేరు

మా మేనత్త పోయిన సంగతి తిరుపతిలో చాలామందికి మా ఇంటి నుంచి తెలియలేదు. మేమింకా ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి తీసుకురాకముందే ఊళ్ళోని ఫొటోగ్రఫీ క్లబ్బు అధ్యక్షుడు అందరి ఫోన్లకూ మెసేజీ పంపించాడు. "నా ప్రియశిష్యురాలు, విశ్రాంత లెక్కల టీచరు, ఈ ఉదయం పరమపదించారు. ఫిల్ము ఫొటోగ్రఫీలో ఆమె చేత ఓనమాలు దిద్దించిన భాగ్యం నాది." కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి. అది చదివాక నాకు ఏడుపు రాలేదు. అత్తను తెస్తున్న బండిలో ముందు సీట్లో కూర్చుని పళ్ళు నూరుకున్నాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాస్తానంటే నాయన, "కోపం సల్లారినాక రాయమ్మా" అన్నాడు. చల్లారేదాకా ఆగితే నేను ఎప్పటికీ రాయలేను. కాబట్టి వేడి మీదే రాస్తున్నాను, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

అత్త చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పింది. రిటైరయ్యాక మా మేడ మీద గదిలోకి వచ్చేసింది. వచ్చేటప్పుడు అక్కడ మూతపడుతున్న ఒక స్టూడియో నుంచి పాత ఫిల్ము కెమెరా, ఫిల్ము కడిగే చిన్న ట్యాంకు, వెలుగు చొరని నల్లగుడ్డ సంచీ తెచ్చుకుంది. లోకమంతా ఫోన్లో నొక్కి క్షణంలో పంపుకుంటుంటే ఈ వయసులో ఇదేం పిచ్చి వదినా అని మా అమ్మ తల పట్టుకుంది. "ఫోన్లో తీస్తే తీసినట్టుంటాది, చూసినట్టుండదు" అంది అత్త. ముప్పై ఆరు ఫొటోల రీలు ఆమెకు రెండు నెలలు వచ్చేది. ఒక్కోసారి పుత్తూరు దాకా పోయి, పొద్దంతా కూర్చుని, ఒక్కటీ తీయకుండా తిరిగొచ్చేది. ఏమైందత్తా అంటే, "ఈ పొద్దు నాకు కనపడలేదులే" అనేది. ఎదుటిదాన్ని తప్పు పట్టేది కాదు.

మాది మడీ ఆచారం ఉన్న ఇల్లు. వెనక వసారాలో పైకప్పుకు వేలాడదీసిన వెదురు దండెం ఒకటి ఉంది. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ మడిబట్టలు కర్రతో ఎత్తి దాని మీదే ఆరేసేవాళ్ళు, ఎవరూ తాకకూడదు. ఆవిడ పోయాక అది బోసిపోయింది. అత్త వచ్చిన నెలకే తడి ఫిల్ములకు క్లిప్పులు పెట్టి దానికి వేలాడదీసింది. మా అమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. "ఫిల్ముకు దుమ్ము తగలకూడదు, వేలు తగలకూడదు. ఈ ఇంట్లో తరతరాలుగా ఎవురూ చెయ్యి పెట్టని జాగా ఇదొకటే ఉండాది. ఇంతకన్నా మంచి చోటు నాకు యాడ దొరుకుతాది?" అని అత్త అడిగింది. అప్పటినుంచి వసారాలో అడుగుపెడితే చాలు, "మడి! మడి! తల వంచుకో!" అని పైనుంచి కేక వినపడేది.

ఫిల్ము కడిగే రోజు ఇల్లంతా ఆమె చెప్పుచేతల్లో ఉండాల్సిందే. ఎండాకాలంలో మా కుళాయి నీళ్ళు పప్పు ఉడికేంత వేడిగా వస్తాయి కాబట్టి మందు సీసాలను ముందురోజే కుండనీళ్ళలో పెట్టేది. స్నానాలగదిలో పీట వేసుకుని, సంచీలోకి మోచేతుల దాకా చేతులు దూర్చి, పైకి చూస్తూ తడుముకుంటూ ఫిల్ము చుట్టేది. మందు పోశాక గడియారం చూసేది కాదు. పన్నెండో ఎక్కం ఎత్తుకునేది. ఎక్కానికి ఒక నిమిషం. పన్నెండు నుంచి పందొమ్మిది దాకా ఎనిమిది ఎక్కాలు, ఒక్కో ఎక్కం చివర ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయడం. పందొమ్మిది పదులు నూటతొంభై అనగానే మందు పారబోసేది. గడియారం ఎందుకు చూడవత్తా అంటే, "గడియారం నడుస్తుందో లేదో నాకెట్ల తెలుస్తాది? ఎక్కం అయితే నా నోట్లో ఉండాది" అంది.

ఆరిన ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని నాకు చూపించేది. "మెరిసే పక్క నీ వైపు ఉండాల. మసక పక్క అవతలికి. అంచు మీద అంకెలు నేరుగా చదవొస్తే నువ్వు సరిగ్గా పట్టుకున్నట్టు. లేదంటే లోకం కుడిఎడమలు తారుమారు." మొదట్లో నేను ప్రతిసారీ తప్పు పట్టుకునేదాన్ని. కోప్పడకుండా నా చేతిలోంచి తీసి, తిప్పి, మళ్ళీ నా చేతికే ఇచ్చేది.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనవి నగరి ఫొటోలు. మరమగ్గాల మధ్య ఇంకా చేతిమగ్గం వదలని ఒక పెద్దాయన కోసం మూడు నెలలు రైల్లో తిరిగింది. మూడు రీళ్ళయ్యాయి. అవి కంప్యూటర్లోకి ఎక్కాలంటే మంచి స్కానరు కావాలి, మాకు లేదు. క్లబ్బు అధ్యక్షుడి స్టూడియోలో ఉందని విన్నాను. ఆ నెగటివ్‌ల డబ్బాను తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టింది నేనే. అత్త వద్దనే అంది. నేనే వినలేదు. అందుకే ఈ కోపంలో సగం నా మీద కూడా.

ఆయన పెళ్ళిళ్ళకు డిజిటల్ కెమెరాతో తిరిగే మనిషి, ఫిల్ము ఎన్నడూ కడిగినవాడు కాదు. ఒక నెల, "చేస్తా ఉండానమ్మా" అన్నాడు. ఇంకో నెల, "కంప్యూటరు పాడై ఫైళ్ళన్నీ పోయినాయి" అన్నాడు. అయితే డబ్బా ఇవ్వండని అత్త తానే స్టూడియోకి పోయి అడిగింది. ఆయన నవ్వాడట. "ఇచ్చేసినాను కదమ్మా! మీ చేతికే ఇచ్చినాను. వయసు మీదపడితే మతిమరుపు సహజం, బాధపడొద్దు."

ఈ మాట ఆమెను ఏం చేసిందో చెప్పకపోతే నేను ఇది రాయడమే దండగ. ఇంటికి వచ్చి బీరువా ఖాళీ చేసింది. అటక మీది పెట్టెలు దింపించింది. ఒకరోజు చూస్తే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది. తాళాలు ఎక్కడ పెట్టిందో, మాత్ర వేసుకుందో లేదో చీటీల మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఫిల్ము కొనడం మానేసింది. ఒక మధ్యాహ్నం నేను కాఫీ తీసుకుని మేడెక్కితే, ట్యాంకూ మందూ ఏమీ లేకుండా ఊరికే కూర్చుని ఎక్కాలు చెప్పుకుంటోంది. నన్ను చూసి, "పందొమ్మిదో ఎక్కం కూడా తప్పు పోలేదే. మరి డబ్బా సంగతి ఎట్ల మర్చిపోతాను?" అంది.

నేను ఏమన్నానో అదీ రాస్తాను. "వదిలెయ్ అత్తా, యాడో పెట్టుంటావులే" అన్నాను. ఆమె కాఫీ తీసుకుంది. అది జరిగిన ఏడాదికే పోయింది.

పెద్దకర్మ అయిన వారానికి క్లబ్బు తరఫున సంతాపసభ అంటూ ఆహ్వానం ఫోన్లోనే వచ్చింది. దాని మీద ఒక ఫొటో, "శిష్యురాలికి స్ఫూర్తినిచ్చిన అధ్యక్షులవారి చిత్రం" అని, కింద ఆయన పేరు. మగ్గం పక్కన నిలబడిన పెద్దాయన, చేతిలో పేకనూలు నడిపే నాడె. మా కిటికీ వెలుగులో ఎన్నిసార్లు చూశానో ఆ ఫొటో. కానీ ఏదో తేడాగా ఉంది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఎడమ రొమ్ము మీద ఉండాల్సిన చొక్కా జేబు ఆయన కుడి రొమ్ము మీద ఉంది. మసక పక్కను మెరిసే పక్క అనుకుని, ఫిల్మును తిరగేసి స్కాను చేసుకున్నాడు మహానుభావుడు. దొంగతనం చేయడానికైనా కాస్త పని తెలిసుండాలి.

మర్నాడే నగరి రైలెక్కాను. వీధి వీధీ అడుగుతూ పోతే పెద్దాయన దొరికాడు. టీచరమ్మ ఇక లేదని చెబితే నాడె పక్కన పెట్టేశాడు. తర్వాత ఫోన్లో ఫొటో చూపించి, దాని కింద ఎవరి పేరు ఉందో చదివి వినిపించి, సభ సంగతి చెప్పాను. "ఏ రోజు రావాల?" అన్నాడు, అంతే.

సభలో అధ్యక్షుడు వేదిక మీద ఆ ఫొటోను తలుపంత పెద్దది చేసి పెట్టాడు. అరగంట మాట్లాడాడు. అత్తకు కెమెరా పట్టుకోవడం ఎలా నేర్పాడో చెబుతూ మధ్యలో కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆఖర్న, కుటుంబం తరఫున రెండు మాటలు అంటూ నన్ను పిలిచాడు. నాకు రెండు మాటలు చాలు. మొదటి వరుసలోని పెద్దాయనను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి ఆ ఫొటో పక్కనే నిలబెట్టాను.

"ఈయన జేబు చూడండి. ఇప్పుడు ఫొటోలో జేబు చూడండి" అన్నాను.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక ఎవరో "అరే" అన్నారు. ఫిల్మును తిరగేస్తే ఏమవుతుందో అత్త నాకు చెప్పినట్టే వాళ్ళకు చెప్పాను. పెద్దాయన మైకు అడిగి తీసుకున్నాడు. "నా ఫొటో ఎత్తింది టీచరమ్మ సార్. మూడు దినాలు ఊరికే వచ్చి కూసోనింది. నాలుగో దినం ఎత్తింది. మా ఇంట్లో మజ్జిగ తాగింది. ఈయప్పను నేను ఈ పొద్దే సూస్తా ఉండా."

"వందల ఫొటోలు సూస్తా ఉంటామమ్మా, యాడో పొరపాటు జరిగుంటాది" అన్నాడు అధ్యక్షుడు.

"జరిగింది. ఫిల్ము తిరగేసుకున్నారు. పేరు మాత్రం నేరుగానే రాసుకున్నారు" అన్నాను.

తర్వాత తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. ఆయన మెడ ఎర్రబడడం, మెడలో వేసుకున్న శాలువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకోవడం నేను తీరిగ్గా చూశాను. నాకు సంతోషంగా ఉండింది. చావు సభలో సంతోషమేమిటని మా బంధువులు అన్నారు. అననీ. ఇప్పుడు ఆయన అధ్యక్షుడు కాడు. కూరగాయలకు దగ్గరి దారి ఉన్నా నేను ఆయన స్టూడియో ముందు నుంచే వెళ్తున్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయేదాకా నిలబడి మరీ వెళ్తున్నాను. పోయినవాళ్ళ పేరు చెప్పుకుని మనసు శుభ్రం చేసుకోవాలంటారు. అత్త అయితే బహుశా చేసుకునేదేమో. నాకు ఆమె ఫిల్ము కడగడం నేర్పింది కానీ అది నేర్పలేదు.

సభ అయిన నాలుగో రోజు క్లబ్బు కార్యదర్శి మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి ఒక సంచీ ఇచ్చి వెళ్ళాడు. అందులో డబ్బా. మూడు రీళ్ళూ ఉన్నాయి, ఒక్క ముక్క కూడా తక్కువ కాలేదు. వాటిపైన నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. విప్పితే అత్త చేతిరాత. ఆయనకు ఆమె ఉత్తరం రాసిందని మాకెవరికీ తెలియదు.

"అయ్యా, నమస్కారం. మీరు డబ్బా నా చేతికే ఇచ్చినామంటున్నారు. ఇల్లంతా వెతికినాను, దొరకలేదు. మీరు అబద్ధం చెప్పరు కదా. నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాను. ఊరికే మీ మీద అనుమానపడి స్టూడియో చుట్టూ తిరిగినందుకు నన్ను క్షమించండి."

కింద ఆమె సంతకం. ఆ "క్షమించండి" మీద గుండ్రంగా, ఎండిపోయి, టీ గ్లాసు పెట్టిన మరక ఉంది.