నందికోల పొడవు

"...నాలుగు మూరలు కోసేస్తే ఏం పోతది మల్లప్పా? దేవుడొచ్చి కొలుస్తడా?"

"దేవుడు కొలవడు. మోసేటోనికి తెలుస్తది."

పొద్దుటి నుంచి మఠం అరుగు మీద ఊరిపెద్ద మహాదేవప్పకూ మల్లప్పకూ ఇదే పంచాయితీ. ఇద్దరి మధ్యా కొత్త వెదురు పడి ఉంది. వడ్రంగం చేసే వడ్ల ఎంకయ్య రంపం ఒళ్ళో పెట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక కూర్చున్నాడు.

వీరభద్రుడి జాతరలో నందికోల మోసేది మల్లప్ప. ఇత్తడి బిళ్ళలు తొడిగి, కొసకు కలశం పెట్టిన నిలువు వెదురును నడుముకు కట్టిన తోలుపట్టాలో నిలబెట్టుకుని వీధులన్నీ తిరగాలి. తాళ్ళు పట్టుకునేవాళ్ళు ఉంటారు గానీ బరువంతా ఒక్క నడుముదే. దారిలో ఎక్కడా వంచకూడదు.

తండ్రి సంగయ్య మోసిన పాత వెదురు పోయిన జాతరలో చీలింది. ఆ తర్వాత ఎండాకాలంలో ఊరికి కరెంటు వచ్చింది. వీధులకు అడ్డంగా, కలశానికి తగిలే ఎత్తులో తీగెలు పడ్డాయి. అయినా మల్లప్ప పాత పొడవునే తాడుతో కొలుచుకుని కొత్త వెదురు కోసం జహీరాబాద్ వెళ్ళాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతుంటే, బండి వెనక పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ కట్టి తెచ్చాడు.

తండ్రి మోసే రోజుల్లో చెరుకు తోటల్లో ఉన్నవాళ్ళకు ఇళ్ళ కప్పుల మీదుగా కలశం కదలడం కనిపించేది. సంగయ్య బయలెల్లిండని కొడవళ్ళు గట్టున పెట్టి ఊళ్ళోకి నడిచేవారు. తాడు పట్టుకున్న మల్లప్పకు అప్పుడు తండ్రి ముఖం కనిపించేది కాదు, చెమటతో నల్లబడిన పట్టా మాత్రమే కనిపించేది.

పొట్టి కోలే మేలంది అరుగు కింద నిలబడ్డ భార్య బస్వమ్మ. మంచం మీంచి లేవడానికి తన చెయ్యి అడిగే నడుముకు అంత పొడవెందుకని నలుగురిలోనే అంది. అందరూ నవ్వారు. మల్లప్ప లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా తల పైకెత్తి తీగెల కింద వీధి వీధీ తిరిగాడు. ఊరి చివర, హరిజనవాడ దగ్గర తీగెలు ఆగిపోయాయి. స్తంభాలు అక్కడి దాకా రాలేదు. నందికోల కూడా ఏనాడూ రాలేదు. వాకిట్లో జొన్నలు చెరుగుతున్న నర్సమ్మ లేచి నిలబడింది.

"ఏం జూస్తున్నవప్పా పైకి?"

అతను తీగెల సంగతి చెప్పాడు.

"మేం ఈడ నుంచి కలశం ఒక్కటే జూసేది. కోస్తే గదీ కనబడదు గదా" అంది ఆమె. మళ్ళీ చెరగడానికి కూర్చుంది.

వాడలోంచి వెళ్ళే బండ్లబాట మఠం వెనక నుంచి వీరభద్రుడి గుడి దాకా పోతుంది. అతను ఆ బాట పొడవునా పైన తీగెలేవీ లేవని చూసుకుంటూ నడిచి మఠానికి చేరేసరికి ఎంకయ్య గుర్తు గీసి, వెదురు మీద మోకాలు ఆనించి ఉన్నాడు.

"ఎంకయ్యా, రంపం పక్కకు పెట్టు" అన్నాడు మల్లప్ప. తర్వాత మహాదేవప్ప వైపు తిరిగాడు. "ఈయేడు నందికోల హరిజనవాడలోంచి పోతది. నేనే మోస్త."